‘హౌస్’ సీరియల్‌లో ఆ మెదడు జబ్బు సంగతి ఎవరైనా చెప్తారా?

అందరికీ నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. 2004లో మొదలైన ‘హౌస్’ అనే అమెరికా ఆసుపత్రి సీరియల్ ఈమధ్యే చూస్తున్నాను. మొదటి ఎపిసోడ్‌లో ఒక టీచరమ్మకి మాట తడబడి ఫిట్స్ వస్తాయి. ఆవిడ ఇంట్లో పంది మాంసం ఉందని తెలియగానే, మెదడులో బద్దెపురుగు లార్వా చేరిందంటాడు డాక్టరు.

నేను చదివింది వేరు. సరిగా ఉడకని పంది మాంసం తింటే పురుగు పేగుల్లో పెరుగుతుందట. మెదడుకి ఎక్కేది దాని గుడ్లు మన కడుపులోకి వెళ్తేనేనట, అంటే మలం కలిసిన నీళ్లు, కడగని ఆకుకూరలు, మురికి చేతుల వల్ల. మాంసం ముట్టని మా అమ్మకి ఈ సంగతి చెప్పి తప్పు చేశాను. కాలవగట్టు తోటకూరంటేనే టెన్షన్ పడుతోంది, మూడేసిసార్లు కడుగుతోంది (అది మంచిదేలెండి).

ఇంతకీ నా అనుమానం: పేగుల్లో పురుగు ఉన్న మనిషికి, దాని గుడ్లే చేతులకంటి మళ్లీ నోట్లోకి వెళ్లి మెదడుకి చేరతాయా? అలాగైతే సీరియల్ వాళ్లు చెప్పింది సగం నిజమే. ఇంకోటి, మానిటర్‌లో గీత తిన్నగా అయిపోయాక కరెంటు షాక్ పనిచేయదంటారు కదా, మరి చాలా సీరియళ్లలో అదే ఎందుకు ఇస్తారు? నర్సులుగానీ మెడికల్ స్టూడెంట్లుగానీ ఉంటే కాస్త చెప్పండి.