గానుగ నూనె సీసా మీద పేరు: తెలుగు లోగో ఎలా చేయించాలి?

అనంత గానుగ

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర చిన్న కట్టె గానుగ. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి ఆడిస్తాం. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లే క్యాన్లు తెచ్చుకుని పట్టుకెళ్లేవాళ్లు. ఇప్పుడు టౌన్‌లో ఒకట్రెండు షాపులు, బెంగళూరులో ఒక స్టోరు మా నూనె సీసాల్లో కావాలంటున్నాయి.

లోగో ఒకతనితో గీయించాను. ఎద్దు, గానుగ, ఆకు, నూనె బొట్టు, వెనకాల సూర్యుడు. కింద ఇంగ్లీషులో మెలికల అక్షరాలతో పేరు, దాని కింద చిన్నగా తెలుగు. ఫోన్‌లో బాగుంది, లీటరు సీసా మీద కూడా పర్లేదు. 200 మిల్లీలీటర్ల సీసా మీద మాత్రం ఎద్దేదో ఆకేదో తెలియడం లేదు. పైగా ప్రింటై వచ్చేసరికి ‘నువ్వుల నూనె’లో వ కింద ఒత్తు ఊడిపోయి ‘నువ్‌వుల’ అని పడింది. ఆ లేబుళ్లన్నీ మూలన పడున్నాయి.

తెలుగు పెద్దగా పెట్టాలా, ఇంగ్లీషా? ఈ ఒత్తుల గొడవ ఎందుకొస్తుంది? డిజైనర్ దగ్గర ఏ ఫైలు తీసుకోవాలి? మళ్లీ డబ్బు పోసే ముందు తెలుసుకుందామని అడుగుతున్నాను.

బెజవాడ డీటీపీ

పేజ్‌మేకర్ రోజుల నుంచి ఇదే పని చేస్తున్నాను, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

ముందు ఒత్తు సంగతి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలామంది అను ఫాంట్లతోనే కొడతారు. అవి యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడిగా ఉండే అక్షరాల పద్ధతిలో ఉండవు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. మీకు పడింది అది కాదు. మీ అక్షరాలు యూనికోడ్‌లోనే ఉన్నాయి, కానీ ప్రెస్‌వాళ్ల సాఫ్ట్‌వేర్ ఒత్తుని అక్షరం కింద కూర్చోబెట్టలేదు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే ఇలాగే అవుతుంది. బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్‌లో కూడా భారతీయ భాషల ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. రెండు సమస్యలకీ మందు ఒకటే: డిజైనర్ తన సిస్టమ్‌లో సరిగ్గా ఉందని చూసుకున్నాక అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి మార్చి పంపాలి. అప్పుడవి బొమ్మలే, ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా చెదరవు. కర్వ్స్ చేయని ఫైలు కూడా ఒకటి తీసి దాచుకోండి, రేపు ధర మార్చాలన్నా కావాలి.

ఇక లోగో. మీరు చెప్పినదాంట్లో ఐదు బొమ్మలున్నాయి, పేరు ఎక్కడో అడుగున ఉంది. కొనేవాడు షాపులో అడిగేది పేరుతోనే కదండీ! అందుకే చిన్న వ్యాపారాలకి నేను ఎప్పుడూ పేరుతోనే మొదలుపెడతాను. తెలుగు పేరు పెద్దగా, బాగా కూర్చిన అక్షరాలతో వేస్తే అదే లోగో. మన అక్షరాల్లో ఉన్న గుండ్రదనం ఇంగ్లీషు మెలికల్లో రాదు.

ఫాంటుకి ఖర్చు పెట్టక్కర్లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర బోర్డుకీ లేబుల్‌కీ బలంగా నిలబడుతుంది. గుండ్రంగా, దిట్టంగా కావాలంటే ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ల బాలూ తమ్ముడు ఉంది. మీకు మాత్రం వాళ్లదే అనేక్ తెలుగు చూడమంటాను. సన్నం నుంచి బాగా లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా దొరుకుతుంది. అదే కుటుంబంలో లాటిన్ (ఇంగ్లీషు అక్షరాలు), కన్నడ కూడా ఉన్నాయి కాబట్టి బెంగళూరు సీసా మీద మూడు లిపులూ ఒకే చేతి రాతలా కుదురుతాయి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్స్‌తో ఉన్నాయి, వ్యాపారానికి వాడుకోవచ్చు.

లావు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ‘నువ్వుల’, ‘కొబ్బరి’ రెండింటినీ చిన్న సైజులో ప్రింట్ తీసి వ్వు, బ్బ దగ్గర చూడండి. మరీ లావు ఫాంటైతే ఒత్తు లోపలి ఖాళీ సిరాతో పూడుకుపోయి మచ్చలా కనిపిస్తుంది. వరసల మధ్య కూడా ఇంగ్లీషు కంటే ఎక్కువ జాగా వదలాలి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. అక్షరాల మధ్య ఎడం పెంచడం తెలుగులో అసలు వద్దు, పదం ముక్కలైపోతుంది.

‘స్వచ్ఛమైన’ అని వేస్తే చ కింద ఛ వత్తు ఉందో లేదో చూసుకోండి. ‘స్వచ్చమైన’ అని వేసిన సీసాలు షాపుల్లో ఎన్నో చూశాను, ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. తినే వస్తువు మీద తప్పు రాత ఉంటే లోపలి సరుకు మీద కూడా నమ్మకం తగ్గుతుంది.

లేబుల్‌కి క్రోమో పేపర్ (మెరిసే కాగితం) వద్దు. మూత దగ్గర చుక్క నూనె కారినా పీల్చుకుని మరక పడుతుంది. పీపీ (ప్లాస్టిక్) స్టిక్కర్ మీద లామినేషన్ చేయించండి. నూనె పసుపు కాబట్టి పసుపు అక్షరాలు ఆనవు. మీగడ రంగు మీద ముదురు గోధుమ గానీ ముదురు ఆకుపచ్చ గానీ బాగుంటుంది. ఫోన్‌లో మెరిసే ఆకుపచ్చ ప్రింటులో అలా రాదు, ముందు ఒక ప్రూఫ్ (నమూనా ప్రింటు) తీయించుకోండి.

కడప కిరాణా

అక్క చెప్పినవన్నీ సరే గానీ, బొమ్మ పూర్తిగా తీసేయొద్దన్నా. మా అంగడికి చదవడం రాని పెద్దవాళ్లు చాలామంది వస్తారు. అగ్గిపెట్టె, సబ్బు, టీ పొడి ఏది కావాలన్నా పైన ఉన్న బొమ్మ చెప్పే అడుగుతారు. నీ నూనె నచ్చితే ‘ఎద్దుబొమ్మ నూనె ఇయ్యప్పా’ అంటారు. పేరు ఎంత బాగా రాయించినా వాళ్లకి ఏం తెలుస్తుంది?

బెజవాడ డీటీపీ

మీరన్నది నిజమండి, పల్లె సరుకుకి బొమ్మ కావాలి. అయితే ఒక్కటే. ఎద్దు తల ఎదురుగా, రెండు కొమ్ములు, గీతలు తక్కువ. గానుగ, సూర్యుడు, ఆకు, బొట్టు తీసేయండి. గీసిన తర్వాత చిటికెన వేలి గోరంత సైజులో నల్ల సిరాతో ప్రింట్ తీసి చేయి చాచి చూడండి. ఎద్దని తెలిస్తే చాలు, మూత మీదా, రబ్బరు స్టాంపులోనూ, గుడ్డ సంచి మీద స్క్రీన్ ప్రింటింగ్‌కీ పనికొస్తుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో స్క్రీన్, కాబట్టి ఒక్క రంగు లోగో అంటే ఖర్చు కూడా తగ్గుతుంది.

మార్క్ రిజిస్ట్రీ పనులు

ట్రేడ్‌మార్క్ అప్లికేషన్లు పెట్టడం నా పని. ట్రేడ్‌మార్క్ కోసం సరుకుల్ని క్లాసులుగా విడదీస్తారు, వంట నూనెలు 29వ క్లాసులోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో పెడితే వ్యక్తులకీ చిన్న సంస్థలకీ క్లాసుకి 4,500 రూపాయలు, మిగతావాళ్లకి 9,000. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. ముందు ట్రేడ్‌మార్కుల ప్రభుత్వ సైట్ ఐపీ ఇండియాలో అదే పేరు, అలా వినిపించే పేర్లు ఉన్నాయేమో వెతకండి, అది ఉచితం. ‘గానుగ’, ‘స్వచ్ఛమైన’ లాంటి మాటలు సరుకు గుణం చెప్పేవి, వాటి మీద ఒక్కరికే హక్కు రావడం కష్టం. పక్కన మీదైన మాట ఒకటి ఉండాలి. రిజిస్టర్ అయ్యేదాకా టీఎం గుర్తే వాడండి, వలయంలో ఆర్ గుర్తు ముందే వేస్తే చట్టప్రకారం నేరం.

ఇంకోటి. డిజైనర్‌కి డబ్బిచ్చినంత మాత్రాన లోగో కాపీరైట్ మీకు వచ్చినట్టు కాదు. హక్కులు మీకు రాసిచ్చినట్టు కాగితం తీసుకోండి. ఆన్‌లైన్ డిజైన్ సైట్ కాన్వా లైబ్రరీలో రెడీగా దొరికే బొమ్మని లోగోగా పెట్టుకుంటే ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకోవడానికి వాళ్ల షరతులు ఒప్పుకోవు.

అనంత గానుగ

అందరికీ చాలా థ్యాంక్స్. ఎద్దు తల ఒక్కటీ ఉంచి, తెలుగు పేరు పైన పెద్దగా పెట్టించాలనుకుంటున్నా. అక్కా, తెలుగు పెద్దగా వేస్తే ఇంగ్లీషు పూర్తిగా తీసేయొచ్చా?

బెజవాడ డీటీపీ

వద్దు తమ్ముడూ. పేరు ఏ లిపిలో ఉన్నా, లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలని ఫుడ్ సేఫ్టీ నిబంధన. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఫుడ్ లైసెన్సు) నంబరు, చదరంలో ఆకుపచ్చ చుక్క, నికర పరిమాణం, తేదీలు, వీటికి ముందే జాగా కొలిచి పెట్టండి. చివర్లో ఇరికిస్తే మళ్లీ మీ పేరే చిన్నదవుతుంది. మొదట 200 మిల్లీలీటర్ల లేబుల్ చేయించండి. అందులో అన్నీ పట్టాయంటే లీటరుది చేయడం తేలిక. డిజైనర్ దగ్గర సీడీఆర్ (కోరెల్‌డ్రా) గానీ ఏఐ (ఇలస్ట్రేటర్) గానీ అసలు ఫైలు, కర్వ్స్ చేసిన పీడీఎఫ్, వెనక రంగు లేని పీఎన్‌జీ తీసుకోండి. ప్రూఫ్ వచ్చాక ఫొటో ఇక్కడ పెట్టండి, ఒత్తులు నేను చూస్తాను.