బాబుకి బరువు దుప్పటి కుట్టించాలి, లోపల ఏం నింపితే మంచిది?

మా బాబుకి 7 ఏళ్లు, ఆటిజం ఉంది. పడుకున్నాక కూడా కాళ్లు ఆడిస్తూనే ఉంటాడు. నా చెయ్యి లాక్కుని పొట్ట మీద గట్టిగా అదుముకుంటే తప్ప నిద్రపోడు. అది విని వాడి ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే థెరపిస్ట్) వెయిటెడ్ బ్లాంకెట్, అంటే ఒంటిని మెత్తగా అదిమినట్టు ఉండేలా లోపల బరువు నింపిన దుప్పటి, వాడి చూడమన్నారు. పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదని, వాడంతట వాడే తీసేసుకోగలగాలని, ముఖం మీదికి రానివ్వొద్దని చెప్పారు. వాడు 22 కిలోలు, అంటే 2 కిలోల దుప్పటి చాలు.

ఆన్‌లైన్‌లో నేను చూసినవన్నీ మరీ మందంగా ఉన్నాయి. మాది విజయవాడ, ఈ ఉక్కలో వాడు భరించలేడు. అందుకే పాత కాటన్ చీరలతో బొంతలా చిన్న చిన్న గళ్లు కుట్టించి, ఒక్కో గడిలో సమానంగా తూచి నింపుదామనుకుంటున్నాను. అమ్మ రాగులు పొయ్యమంటోంది కానీ ఉతికితే పాడవుతాయి, పురుగు కూడా పడుతుంది.

సన్న గాజు పూసలు వాడినవాళ్లున్నారా? కుట్ల సందుల్లోంచి కారకుండా లోపల ఏ గుడ్డ వేశారు? వాడికి దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని నమిలే అలవాటుంది, అదే నా టెన్షన్. ఇటువైపు ఇలాంటివి ఓపిగ్గా కుట్టే టైలర్లు తెలిస్తే దయచేసి చెప్పండి. మీ పిల్లలకి దీనితో నిజంగా నిద్ర పట్టిందో లేదో కూడా రాయండి.