అప్‌డేట్: సేఫ్టీ రేజర్ బ్లేడుపై పడుతున్న తెల్లటి మరకలు

అనంతపురంలో మా బోరు నీళ్లతో గడ్డం గీసుకున్నాక సేఫ్టీ రేజర్ బ్లేడుపై తెల్లటి మరకలు పడుతున్నాయని, రెండోసారికే అది వెంట్రుకలను లాగుతున్నదని, ఎలా శుభ్రపరచాలో చెప్పమని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఆ తెలుపు తుప్పు కాదు, నీరు ఆరిపోగా మిగిలిన సున్నపు గార. గీజరులో పేరుకునేదీ అదే. అందువల్ల ఇప్పుడు గీసుకోవడం ముగియగానే రేజర్ పిడిని కొద్దిగా వదులు చేసి, నురుగూ వెంట్రుకలూ పోయేదాకా కడిగి, చివరగా ఫిల్టరు నీళ్లు పోసి, బాగా విదిలించి, గాలి తగిలేచోట ఆరబెడుతున్నాను. తువ్వాలుతో తుడవవద్దన్న సలహా అన్నింటికన్నా విలువైనది, ఎందుకంటే అంత సన్నని అంచు గుడ్డ రాపిడికి కూడా దెబ్బతింటుంది. తడి త్వరగా ఆరడానికి బ్లేడును స్పిరిట్‌లో ముంచమన్న సలహా వానాకాలంలో పనికొస్తుందేమో గానీ, మా ఎండలకు అది దండగే. బ్లేడు తీసేసిన రేజరుకు పట్టిన గార మాత్రం, నీళ్లు కలిపిన వెనిగర్‌లో కాసేపు ఉంచి పాత బ్రష్‌తో రుద్దగానే వదిలింది.

మరకలు తగ్గాయి, లాగడమూ తగ్గింది. అయితే ఎంత శుభ్రంగా ఉంచినా బ్లేడు మొద్దుబారక తప్పదు: ఉక్కుకన్నా ఎంతో మెత్తనైన వెంట్రుక సైతం కొన్ని పరిస్థితుల్లో అంచును పెచ్చులూడగొడుతుందని 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. అరిగిన బ్లేళ్లను, చెత్త ఎత్తేవారి చేతులు తెగకుండా, మూతకు సన్నని గాటు పెట్టిన రేకు డబ్బాలో వేస్తున్నాను.