కామ్రీలో వెళ్లి వీకెండ్‌లో టెలిస్కోప్ పీక్ ఎక్కి రావచ్చా?

ఇర్వైన్_బాబు:
అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్కులో రయన్ మౌంటెన్ ఎక్కినప్పటి నుంచి నాకు ఈ ఎడారి కొండల పిచ్చి పట్టుకుంది. సియెరా క్లబ్ అనే ప్రకృతి ప్రేమికుల సంఘం వాళ్ల డెజర్ట్ పీక్స్ (ఎడారి శిఖరాల) జాబితా చూశాను. దాదాపు వంద శిఖరాలున్నాయి, వాటిలో డెత్ వ్యాలీ నేషనల్ పార్కులోని టెలిస్కోప్ పీక్ మీద మనసు పడింది. నవంబర్ మధ్యలో ఒక శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి, శనివారం ఎక్కేసి, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరాలని ప్లాన్. నేనూ మా బావమరిదీ వెళ్తాం. ఉన్నది కామ్రీ, మామూలు సెడాన్ కారు. నీళ్లు ఎన్ని పట్టుకెళ్లాలి? దారి లేని కొండలు ఇద్దరం ఎప్పుడూ ఎక్కలేదు, అవి ఎలా ఉంటాయి? "అంత దూరం పోయి ఎడారిలో చూసేదేముంది" అని ఇంట్లో అంటున్నారు, దానికి కూడా ఎవరైనా జవాబు చెబితే పుణ్యం.

కదిరి_కొండముచ్చు:
తమ్ముడూ, ముందు కారు సంగతి చెప్తా. నేనుండేది వేగాస్‌లో, చాలా ఏళ్లుగా శని, ఆదివారాలు ఈ కొండలకే పోతాయి.

కామ్రీ వైల్డ్‌రోజ్ కాన్యన్‌లో చార్‌కోల్ కిల్న్స్ దాకా వస్తుంది. చివర కాస్త కంకర రోడ్డు, మెల్లగా పోనిస్తే చాలు. కిల్న్స్ అంటే 1877లో వెండి, సీసం గనుల కోసం బొగ్గు కాల్చిన రాతి బట్టీలు, పది వరసగా ఉంటాయి. ఒకదాంట్లోకి దూరి గోడ దగ్గర ముక్కు పెట్టి చూడు, ఇన్నేళ్లకి కూడా మసి వాసన తగులుతుంది.

టెలిస్కోప్ ట్రైల్ మొదలయ్యేది అక్కడ కాదు. ఇంకా పైన, 8,133 అడుగుల ఎత్తున ఉన్న మహాగనీ ఫ్లాట్‌లో. ఆ పై రోడ్డంతా రాళ్లు తేలి ఉంటుంది, కింద క్లియరెన్స్ ఉన్న బండి కావాలి. కిల్న్స్ దగ్గర కారు వదిలి నడిస్తే దాదాపు 1,300 అడుగుల ఎక్కుడు అదనం. అసలు ట్రైలే రానూపోనూ 14 మైళ్లు, 3,000 అడుగుల ఎత్తు. నవంబర్‌లో సాయంత్రం నాలుగున్నర దాటితే ఎండ ఉండదు. పైన మంచు పడి గట్టిపడితే ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు (బూట్లకి తగిలించే ఇనప ముళ్లు) లేకుండా ఆ ఏటవాలు మీద అడుగు పెట్టకూడదు.

అందుకని ఈసారికి వైల్డ్‌రోజ్ పీక్ ఎక్కండి. ట్రైల్ సరిగ్గా కిల్న్స్ పక్కనే మొదలవుతుంది, రానూపోనూ 8.4 మైళ్లు, 2,200 అడుగులు. శిఖరం 9,064 అడుగులు. ముందు పిన్యన్, జునిపర్ చెట్ల నీడ, చివర మెలికల దారి, పైన బోడిగుండు, విపరీతమైన గాలి. జర్కిన్ మరవొద్దు. చాలామంది దీన్ని టెలిస్కోప్‌కి తమ్ముడిలా చూస్తారు గానీ నాకైతే ఇదే ఇష్టం, జనం తక్కువ.

పెట్రోలు దారిలో వచ్చే రిడ్జ్‌క్రెస్ట్‌లోనే ఫుల్ చేయించు. బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్లో రోడ్ల పరిస్థితి చూడు. 2023 ఆగస్టులో హిల్లరీ తుఫానుకి పార్కులోని ఫర్నెస్ క్రీక్‌లో ఏడాదంతా పడే వాన ఒక్క రోజులో పడింది. రోడ్లు కొట్టుకుపోయి అక్టోబర్ దాకా పార్కే తెరవలేదు.

ఇంట్లో వాళ్లకి జవాబు: టెలిస్కోప్ పైనుంచి ఆకాశం తేటగా ఉంటే ఒకవైపు విట్నీ శిఖరం, ఇంకోవైపు సముద్ర మట్టం కన్నా 282 అడుగులు కిందున్న బ్యాడ్‌వాటర్ కనిపిస్తాయి. అలాస్కాని పక్కన పెడితే ఈ దేశంలో ఎత్తైన చోటూ, పల్లపు చోటూ ఒకేచోట నిలబడి చూసినట్టు. ఇది చెప్పినా ఒప్పుకోకపోతే నా దగ్గర ఇంకో జవాబు లేదు, మా ఇంట్లో కూడా ఒప్పుకోలేదు.

ఫీనిక్స్_పద్దక్క:
కొండముచ్చు గారు చెప్పింది నిజం. నీళ్ల గురించి నేను చెప్తాను. మనిషికి నాలుగు లీటర్లు వీపు మీద, అంతకు రెట్టింపు కారులో. సగం నీళ్లు అయిపోతే శిఖరం కనిపిస్తున్నా వెనక్కి తిరగాలి. మా ఫీనిక్స్‌లో తీవ్రమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో కేమల్‌బ్యాక్ ట్రైల్స్ పగలంతా మూసేస్తారు. ఊరి మధ్యలో ఉన్న కొండకే అంత జాగ్రత్త అవసరమైతే మీరే ఆలోచించండి.

పులిహోర కట్టుకెళ్లండి. చెమటకి పోయిన ఉప్పు తిరిగొస్తుంది, చెడిపోదు కూడా. తీపి బార్లు మధ్యాహ్నానికి గొంతు దిగవు.

బ్యాగులో ఒక దువ్వెన పెట్టుకోండి. నవ్వకండి. ఇంకా కింది కొండలకి వెళ్లినప్పుడు చోల్లా అనే ముళ్ల జెముడు ఉంటుంది, తగిలీ తగలకముందే ఒక ముక్క విరిగి పిక్కకి అతుక్కుంటుంది. చేత్తో లాగితే చేతికి అంటుకుంటుంది. దువ్వెన పళ్లని ముక్కకీ చర్మానికీ మధ్య దూర్చి, ఒక్క ఊపున అవతలికి విసిరేయాలి. పక్కన ఎవరూ నిలబడకుండా చూసుకోండి. మిగిలిన ముళ్లు ట్వీజర్స్‌తో.

ఇర్వైన్_బాబు:
అన్నా, పద్దక్కా, చాలా థాంక్స్. వైల్డ్‌రోజ్‌కే ఫిక్స్ అయ్యాం. దారి లేని కొండల గురించి ఒక్క మాట చెప్పు అన్నా. ఫోన్లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోదా?

కదిరి_కొండముచ్చు:
మ్యాప్ కావాలి, అక్కడ సిగ్నల్ ఉండదు. కానీ అసలు చిక్కు దిగేటప్పుడు. ఎక్కేటప్పుడు ఏ రిడ్జ్ (కొండ వెన్ను) పట్టుకున్నా పైకే తీసుకెళ్తుంది, అన్నీ శిఖరం దగ్గర కలుస్తాయి. దిగేటప్పుడు అవే రిడ్జ్‌లు చీలిపోతుంటాయి. ఒక్క చీలిక దగ్గర ఎడమకి బదులు కుడికి తిరిగితే, కారున్న లోయకి కాదు, పక్క లోయకి దిగుతావు. అందుకే ఎక్కుతూ ఎక్కుతూ ప్రతి చీలిక దగ్గరా ఆగి వెనక్కి తిరిగి చూడు. దిగేటప్పుడు కనబడే కొండ అదే. ఫోన్లో ఆ చోటు గుర్తు కూడా పెట్టుకో.

రెండోది, దగ్గర దారి అని తెలియని వంకలోకి దిగొద్దు. పైనుంచి ఇసుక పరిచిన బాటలా కనిపిస్తుంది. సగం దిగాక ఎండిపోయిన జలపాతం గోడ వస్తుంది, ఇరవై అడుగులో నలభయ్యో. దిగలేం, వెనక్కి ఎక్కే ఓపిక ఉండదు.

రాయి కూడా మనవైపు రాయి కాదు. మా కదిరి గుట్టల్లో బండ మీద కాలు పెడితే నిలుస్తుంది. ఇక్కడ చాలా కొండలు పెంకులు పెంకులుగా ఊడతాయి, చేత్తో పట్టుకునే ముందు ప్రతి రాయినీ కదిపి చూడాలి. ఒకరి కింద ఒకరు నడవొద్దు, పక్కపక్కన నడవండి.

పైన రాళ్ల కుప్పలో ఒక డబ్బా ఉంటుంది, అందులో నోటుపుస్తకం. పేరు రాసి మళ్లీ అలాగే మూసిపెట్టాలి. పెన్ను తీసుకెళ్లు, డబ్బాలో పెన్సిల్‌కి ఎప్పుడూ ముల్లు ఉండదు. ఒకచోట ఎవరో తెలుగులో "మోకాళ్లు పోయాయి, గోవిందా" అని రాసి పెట్టారు, తేదీ కూడా వేశారు.

ఇర్వైన్_బాబు:
హహ, మా బావమరిది రాసేది కూడా అదే. స్పేర్ టైరు సరిపోతుందా అన్నా?

కదిరి_కొండముచ్చు:
డిక్కీ తెరిచి చూడు. చిన్న సైజు టైరయితే దాంతో కంకర రోడ్డు మీద ఎక్కువ దూరం పోలేవు. గాలి కొట్టే పంపూ, పంక్చర్ కిట్టూ పెట్టుకో. టో ట్రక్ రావాలంటే డబ్బులూ పోతాయి, శనివారమూ పోతుంది.