డిస్రప్షన్, ఇంటరప్షన్: పోర్చుగీసులో ఒక్క మాటతో సరిపెట్టవచ్చా?

(అనువాదం గురించి ముగ్గురి సంభాషణ. పదకోశం, రెండోచూపు, గొలుసుకట్టు అనేవి వాళ్ల మారుపేర్లు.)

పదకోశం:
ఒకే కంపెనీవి మూడు ఫైళ్లు ఇంగ్లిషు నుంచి పోర్చుగీసులోకి చేయాలి: ఇన్సూరెన్స్ పాలసీ, బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్ (ఆటంకం వచ్చినా పని సాగేలా వేసుకునే ప్రణాళిక), ఇన్వెస్టర్ల ప్రెజెంటేషన్. అన్నిట్లోనూ డిస్రప్షన్‌కి, ఇంటరప్షన్‌కి టెర్మ్‌బేస్‌లో (అనువాదకులు వాడే పదాల పట్టికలో) ‘ఇంతెర్రుప్సావ్’ అని పెట్టేస్తే నడుస్తుందా? ముందు బ్రెజిల్‌కి, తర్వాత పోర్చుగల్‌కి వెళ్తాయి. పాలసీని తిరిగి ఇంగ్లిషులోకి కూడా తేవాలి.

రెండోచూపు:
నడవదండీ. పాలసీ దగ్గరే బెడిసికొడుతుంది. బిజినెస్ ఇంటరప్షన్ కవర్‌ను, అంటే వ్యాపారం ఆగిపోతే పోయే రాబడికి ఇచ్చే బీమాను, బ్రెజిల్‌లో ‘లూక్రోస్ సెసాంతెస్’ అంటారు, పోర్చుగల్‌లో ‘పెర్దాస్ దె ఎష్‌ప్లొరసావ్’. మక్కికి మక్కి పెడితే అర్థమవుతుంది గానీ, క్లెయిం చూసేవాళ్లకు ఇదేదో వేరే కవర్ అన్న అనుమానం వస్తుంది.

ఇంగ్లిషులోకి తెచ్చేటప్పుడు చిక్కు ఇంకా ఎక్కువ. బ్రెజిల్ 2002 సివిల్ కోడ్ 402వ ఆర్టికల్ ప్రకారం నష్టపరిహారంలో నిజంగా పోగొట్టుకున్నదానితో పాటు, రావలసి ఉండీ రాని లాభం కూడా లెక్కకొస్తుంది. ఆ రెండోదాన్నీ లాయర్లు లూక్రోస్ సెసాంతెస్ అనే అంటారు. అంచేత దావా కాగితాల్లో కనిపిస్తే లాస్ ఆఫ్ ప్రాఫిట్స్, పాలసీలో కవర్ పేరుగా ఉంటేనే బిజినెస్ ఇంటరప్షన్.

డిడక్టిబుల్‌కి (క్లెయింలో పాలసీదారే భరించే భాగానికి) ‘ఫ్రాంకీయా’. వ్యాపారంలో ఫ్రాంచైజ్‌కీ అదే మాట కాబట్టి, మెషీన్ అనువాదం వాడితే ఆ వాక్యాలన్నీ వెతికి చూడండి.

గొలుసుకట్టు:
ప్లాన్‌కి ఐఎస్‌ఓ 22301 (బిజినెస్ కంటిన్యుటీకి అంతర్జాతీయ ప్రమాణం) పరిభాషే ఆధారం. బ్రెజిల్‌లో ప్రమాణాల సంస్థ ఏబీఎన్‌టీ ప్రచురించిన పాఠంలో డిస్రప్షన్‌కి ‘దిస్రుప్సావ్’ అనే ఉంది, అదే ఉంచండి. ప్రెజెంటేషన్‌లో మార్కెట్‌ను తలకిందులు చేసే కొత్తదనం గురించైతే ‘ఇనొవసావ్ దిస్రుప్తీవా’.

డిస్రప్షన్‌కి ‘రుప్తూరా’ (తెగిపోవడం) మాత్రం వద్దు. బ్రెజిల్ రిటైల్‌లో అది షెల్ఫ్‌లో సరుకు లేకపోవడం. సప్లై చైన్ వాక్యంలో పడితే అర్థమే మారిపోతుంది. పోర్చుగల్‌లో దాని స్పెల్లింగ్ కూడా వేరు, ‘రుతూరా’.

పదకోశం:
అయితే బ్రెజిల్‌కి, పోర్చుగల్‌కి రెండు టెర్మ్‌బేస్‌లు పెట్టాలా?

రెండోచూపు:
అక్కర్లేదు. ఒక్కటే చాలు, కానీ ఎంట్రీ మాటకి కాదు, భావానికి. ఇన్సూరెన్స్ కవర్, నష్టపరిహారం, కంటిన్యుటీ, ఇన్నొవేషన్, సప్లై చైన్: వేటికవి విడి ఎంట్రీలు. ప్రతి దాంట్లో రెండు దేశాలకూ వేర్వేరు గడులు, ఏ రంగమో చెప్పే ఒక డొమైన్ గడి. సప్లై చైన్ ఎంట్రీలో రుప్తూరాను నిషిద్ధ పదంగా గుర్తిస్తే క్యూఏ (నాణ్యత) చెక్‌లోనే దొరికిపోతుంది.

ఇంకొకటి, పాలసీలో వచ్చే గ్రాస్ ప్రాఫిట్‌కి అకౌంటింగ్ గ్లాసరీ నిర్వచనం అతికించకండి. ఈ పాలసీల్లో సాధారణంగా నికర లాభానికి స్థిర ఖర్చులు కలిపి లెక్కిస్తారు. పాలసీలో రాసిన నిర్వచనాన్నే అనువదించండి.