పాత క్రెడిట్ కార్డు బాకీ: నేనిక్కడ, రికవరీ వాళ్లు నరసన్నపేటలో

డాలస్ (సొంతూరు నరసన్నపేట):
అన్నలకి, అక్కలకి నమస్తే. ఒక బ్యాంకు కార్డు బాకీ ఆఖరిసారి 2022 జనవరిలో కట్టేను. 2024 ఆగస్టు ఆఖర్న ఇక్కడికొచ్చేను. ఇప్పుడు ఎప్పుడూ పేరు వినని కంపెనీ మనుషులు ఊళ్లో మా ఇంటికి వస్తన్నారు. లక్షా పది వేల బాకీని మూడు లక్షల నలభై వేలు అంటున్నారు. ముందు ఐదు వేలు ఫోన్‌పే చేసి, నాన్న ఒక కాయితం మీద సంతకం పెడితే ఆగుతారట. ఏటి చెయ్యమంటారు?

న్యూజెర్సీ (పలాస):
మూడేళ్లు దాటిన అప్పుకి కోర్టు లేదు తమ్ముడూ. నంబర్లు బ్లాక్ చేసీసి పడుకో.

షార్లట్ (బొబ్బిలి):
ఆ లెక్క ఊళ్లో ఉన్నవాడికి, విమానం ఎక్కినవాడికి కాదు. 1963 లిమిటేషన్ చట్టం (కోర్టులో దావా వెయ్యడానికి గడువులు పెట్టే చట్టం) ఇలాంటి బాకీకి మూడేళ్లే ఇచ్చింది, నిజమే. కానీ అదే చట్టం 15(5) సెక్షన్, బాకీదారు దేశంలో లేని కాలాన్ని లెక్కలోంచి తీసెయ్యమంటుంది. పైగా కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా గడువులన్నిటినీ సుప్రీంకోర్టు ఆపింది. అంటే బాబూ, నీ గడియారం 2022 మార్చి 1న మొదలై, నువ్వు ఫ్లైటెక్కిన రోజున ఆగిపోయింది. గడిచింది రెండున్నరేళ్లు. ఇంకో ఆరు నెలలు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. సంక్రాంతికి నెల్లాళ్లు ఇంటికెళ్తే ఆ నెల మాత్రం లెక్కలోకొస్తుంది.

వాళ్లు ఐదు వేలకీ, సంతకానికీ పట్టుబట్టేది ఇందుకే. గడువు లోపల ‘బాకీ ఉన్నాను’ అని నువ్వు రాసి సంతకం పెడితే 18వ సెక్షన్, నీ రాతతోనో సంతకంతోనో కొంత కడితే 19వ సెక్షన్. ఏదైనా మూడేళ్లు మళ్లీ మొదటికొస్తాయి. ఈమెయిల్‌ని కూడా కోర్టులు రాతగా ఒప్పుకున్న సందర్భాలున్నాయి. కనక ‘త్వరలో కట్టీస్తాను సార్’ అని ఎక్కడా టైపు చెయ్యకు. నాన్నగారు పూచీ ఉండకపోతే, కార్డు ఆయన పేర కూడా లేకపోతే, ఆయన కట్టాల్సింది పైసా లేదు. ఆ కాయితంలో ఆయన్ని పూచీదారుగా రాసుకుంటేనే కొత్త చిక్కు. తెల్లకాయితమైతే మరీ ప్రమాదం.

మొదట సిబిల్ రిపోర్టు (నీ అప్పుల చరిత్ర చూపించేది) తియ్యి, ఏడాదికొకటి ఉచితం. ఆఖరి చెల్లింపు తేదీ ఏమి వేసేరో, బాకీ ఇప్పుడు ఎవరి పేరున ఉందో చూడు. బ్యాంకు అప్పుని అమ్మేసి ఉంటే కొన్న కంపెనీ పేరు కనిపించాలి. ఆ తర్వాత బ్యాంకు నోడల్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే అధికారికి) ఈమెయిల్ పెట్టు. మొదటి వాక్యం ‘ఈ లేఖ ఏ బాకీనీ ఒప్పుకున్నట్టు కాదు’. రెండోది: పూర్తి స్టేట్‌మెంట్లు, అప్పు బదిలీ పత్రం, ఏజెన్సీ పేరు, వాళ్లకిచ్చిన అధికార పత్రం పంపండి. మూడో వాక్యం అక్కర్లేదు. కష్టాలు చెప్పుకున్నకొద్దీ ఏదో ఒకటి ఒప్పుకున్నట్టే అవుతుంది.

మస్కట్ (టెక్కలి):
ఇంటికొచ్చేవాళ్ల సంగతి నేను చెప్తాను. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చెయ్యకూడదు. నలుగురిలో పరువు తియ్యకూడదు, ఇంటివాళ్లనీ స్నేహితులనీ వేధించకూడదు. ముసలాళ్లు అప్పుకన్నా వీధిలో మాటకే ఎక్కువ భయపడతారని తెలిసే గొంతు పెంచుతారు. నాన్నగారిని గుర్తింపు కార్డు, అధికార పత్రం అడిగి ఫోటో తీసుకోమను. చూపించకపోతే గుమ్మం దాటనివ్వొద్దు. కేకలేస్తే ఫోన్‌లో రికార్డు పెట్టి 112కి కొట్టమను. ఆ రికార్డుతో బ్యాంకుకి ఫిర్యాదు రాయి. 30 రోజుల్లో జవాబు లేకపోతే, లేదా వచ్చింది నచ్చకపోతే, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆర్‌బీఐ వాళ్ల సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టు. ఖర్చు లేదు. బ్యాంకుకి రాయకుండా నేరుగా అక్కడికెళ్తే తిప్పి పంపుతారు.

‘వీసా రద్దు చేయిస్తాం’ అని ఎవరైనా అంటే అది ఉత్త బెదిరింపు. కార్డు బాకీ సివిల్ వ్యవహారం. సంతకం పెట్టిన చెక్కు వాళ్ల దగ్గర ఉండిపోయి అది బౌన్సయితే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కుల చట్టం) 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టాలి. అలాంటి చెక్కు ఇచ్చేవా లేదా, ముందు అది గుర్తు చేసుకో.

షార్లట్ (బొబ్బిలి):
కోర్టు కాయితాలన్నీ ఒకటి కావని కూడా ఇంట్లో చెప్పు. లోక్ అదాలత్ నోటీసు చూసి మనవాళ్లు హడలిపోతారు. అక్కడ నువ్వు ఒప్పుకోకుండా ఏ అవార్డూ (తీర్పూ) రాదు. ఒప్పుకుంటే మాత్రం అది కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, అప్పీలు లేదు. సివిల్ కోర్టు సమన్లు వేరు. తీసుకోనని తలుపేసుకుంటే గోడకి అంటించి వెళ్తారు, అందినట్టే లెక్క. 30 రోజుల్లో, మహా అయితే 90లో, జవాబు వెయ్యాలి. లేకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ (నీ మాట వినకుండానే తీర్పు) వస్తుంది. దాన్ని 12 ఏళ్లపాటు అమలు చేయించొచ్చు, నీ పేరునున్న పొలం మీదకీ రావొచ్చు.

నీ తరఫున పనులు చూసుకునేలా నాన్నగారి పేర జీపీఏ (అధికార పత్రం) ఇప్పుడే పంపి ఉంచు. అమెరికాలో నోటరీ, ఆపై అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర). ఇండియా చేరిన 3 నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలి. బీరువాలో పెట్టి మరిచిపోతే, జరిమానాతో కలిపి కట్టేదాకా అవసరం వేళ కోర్టు తీసుకోదు.

డాలస్ (సొంతూరు నరసన్నపేట):
చెక్కు ఏదీ ఇవ్వలేదు అన్నా. అసలు బాకీ వరకూ కట్టీద్దామనుంది అక్కా.

షార్లట్ (బొబ్బిలి):
కట్టగలిగితే అదే మంచిది, వరస మాత్రం తప్పకు. వాళ్ల మూడు లక్షల నలభై దగ్గర బేరం మొదలెట్టకు. పాత బాకీలని కంపెనీలు చాలా తక్కువకి కొంటాయి. ముందు సెటిల్‌మెంట్ లెటర్ రావాలి. లెటర్‌హెడ్ మీద ఖాతా నంబరు, మొత్తం, గడువు తేదీ, ‘ఇక బాకీ లేదు’ అన్న మాట ఉండాలి. అది వచ్చేక నీ ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) నుంచి అప్పు ఖాతాకే పంపు. ఏజెంటు ఫోన్‌పేకి ఒక్క రూపాయీ వద్దు. తర్వాత నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ లేదన్న పత్రం) తీసుకో.

తగ్గించి కడితే సిబిల్‌లో ‘సెటిల్డ్’ అనే పడుతుంది. రేపు ఊళ్లో ఇంటి లోనుకి వెళ్తే బ్యాంకు దాన్ని చూసి మొహం చిట్లిస్తుంది. పూర్తిగా కడితే ‘క్లోజ్డ్’. ఎలా రాస్తారో లెటర్లోనే వేయించుకో. సిబిల్‌లో తప్పుంటే ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ పెట్టు. 30 రోజులు దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం అడగొచ్చు.