భౌగోళిక స్థితే విదేశాంగ విధానాన్ని నిర్ణయిస్తుందా? మధ్య ఆసియా నదులపై పరిశోధన పద్ధతి గురించి

ప్రశ్న (విద్యార్థిని, అమలాపురం):

నమస్కారమండి. నేను రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక మధ్య ఆసియా దేశాల మధ్య తలెత్తిన నీటి తగాదాలే నా పరిశోధన వ్యాసానికి విషయం. ఎగువనున్న కిర్గిజిస్తాన్, తజికిస్తాన్‌లకు చలికాలంలో కరెంటు కావాలి, దిగువనున్న ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్‌లకు వేసవిలో పొలాలకు నీరు కావాలి. కాబట్టి భౌగోళిక స్థితే వాటి విధానాన్ని శాసిస్తోందన్నది నా వాదన. యూరేషియా నడిబొడ్డును చరిత్రకు ఇరుసుగా చూపిన బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త మెకిండర్ 1904 ప్రసంగాన్ని పునాదిగా తీసుకున్నాను. “నీ వాదన తప్పని తేలాలంటే ఏం కనబడాలి?” అని మా గైడు అడిగారు. దీనికి జవాబు ఎక్కడ వెతకాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, భీమవరం):

ముందు మెకిండర్‌ను పక్కన పెట్టండమ్మా. రైళ్లు వచ్చాక సముద్రాన్ని నమ్ముకున్న బ్రిటన్ గతేమిటన్నది ఆయన బెంగ. నీటి పంపకం ఆయన లెక్కలో లేదు. భౌగోళిక రాజకీయం అనగానే ఆయనను మొదటి పేజీలో కూర్చోబెట్టడం మన విద్యార్థులకు ఆచారమైపోయింది.

మీకు కావలసింది భౌగోళిక స్థితి మారకుండా విధానం మాత్రం మారిన సందర్భం. వఖ్ష్ నది మీద తజికిస్తాన్ తలపెట్టిన రోగున్ డ్యామును ఉజ్బెకిస్తాన్ అధ్యక్షుడు కరీమోవ్ ఏళ్ల తరబడి వ్యతిరేకించి, నీటి తగాదాలు యుద్ధాలకు దారితీయవచ్చని 2012లో హెచ్చరించారు. 2016లో ఆయన మరణించాక అధికారంలోకి వచ్చిన మిర్జియోయెవ్ 2018 మార్చిలో తజికిస్తాన్ రాజధాని దుషాన్బే వెళ్లి చేతులు కలిపారు. అదే ఏడాది నవంబరులో రోగున్ మొదటి యూనిట్ ప్రారంభమైనప్పుడు ఉజ్బెక్ రాజధాని తాష్కెంట్ నుంచి పాత గర్జనలు వినబడలేదు. ఎగువ దిగువలు అవే ఉన్నాయి. మీ వాదన నిజమైతే ఈ మార్పు రాకూడదు కదా.

జవాబు (నీటిపారుదల ఇంజనీరు, ధవళేశ్వరం):

మాస్టారి మాటకు కొంత చేర్చుతాను. నారిన్ నది మీది తొక్తోగుల్ జలాశయంలో సోవియట్ కాలంలో చలికాలపు నీటిని నిలిపి, వేసవిలో దిగువ పొలాలకు వదిలేవారు. బదులుగా చలికాలంలో దిగువ నుంచి కిర్గిజ్ ప్రాంతానికి బొగ్గు, గ్యాసు అందేవి. ఆ పద్దు మాస్కో రాసేది. 1991 తర్వాత ఇంధనానికి మార్కెట్ ధర అడగడంతో కిర్గిజిస్తాన్ చలికాలంలోనే టర్బైన్లు తిప్పుకుంది, దిగువన చలికాలంలో వరద, వేసవిలో ఎద్దడి మొదలయ్యాయి. మనకు దాళ్వాలో గోదావరి ప్రవాహం తగ్గినప్పుడు సీలేరులో కరెంటు తీసి వదిలిన నీరే శివారు ఆయకట్టును ఆదుకుంటుంది. అది కూడా తగ్గితే కాలువలకు వంతులు వస్తాయి. సీలేరుకూ మన లాకులకూ మధ్య దేశ సరిహద్దు పడిందనుకోండి, అదే నారిన్ నీరు చేరే సిర్ దర్యా నది కథ. నీటికి బదులు ఇంధనమనే పాత పద్ధతిని 1998లో ఒప్పందంగా రాసుకున్నారు గాని, ఏటేటా బేరమాడవలసి రావడంతో అది నిలవలేదు.

జవాబు (పరిశోధకుడు, స్వస్థలం రాజోలు):

2016లో మారింది అధ్యక్షుడొక్కరే అనుకుంటే భూగోళాన్ని దించి ఆ పీట మీద నాయకుణ్ని కూర్చోబెట్టినట్టవుతుంది. 2017 సెప్టెంబరులో ఉజ్బెకిస్తాన్ విదేశీ మారకంపై ఆంక్షలు సడలించింది. పొరుగు మార్కెట్ల అవసరమే ఆ దేశాన్ని మెత్తబరచి ఉండవచ్చు. అందువల్ల ముందూ వెనుకా పోల్చి ఊరుకోకుండా, ఏ నిర్ణయం వెనుక ఏ ఒప్పందం వచ్చిందో తేదీల వారీగా పట్టుకోండి.

కిర్గిజిస్తాన్‌ను కూడా ఉజ్బెకిస్తాన్‌తో పోల్చి చూడండి. 2005, 2010, 2020లలో జనాందోళనలతో అక్కడ అధికారం చేతులు మారినా, చలికాలంలో కరెంటు కోసం నీరు వదలడం ఆగలేదు. అంటే భౌగోళిక స్థితికి కొంత బలం ఉన్నట్టే. ఇంటర్వ్యూల జోలికి పోకండి. అలాంటి ప్రభుత్వాల కింద అధికారులు ప్రకటనలో ఉన్నది దాటి చెబితే ముప్పు వాళ్లకే.

విద్యార్థిని:

ధన్యవాదాలండి. ఉజ్బెకిస్తాన్ ఎందుకు మారింది, కిర్గిజిస్తాన్ ఎందుకు మారలేదు అన్నదే ప్రశ్నగా పెట్టుకుంటాను. మాస్టారూ, తజికిస్తాన్‌ను కూడా చేర్చమంటారా?

విశ్రాంత అధ్యాపకుడు:

వద్దమ్మా. 1994 నుంచి అక్కడ రహ్మోనే అధ్యక్షుడు కాబట్టి నాయకత్వ మార్పు ప్రభావాన్ని చూసే వీలు లేదు. రోగున్ నేపథ్యం కోసం ఒక పేజీ కేటాయించండి, చాలు.